మైనం వాటా

మా నాన్న అసుమానికి
పిట్టని పిలవడం వచ్చు.
నాలుక వణికించి "బ్ర్ర్ర్ర్" అని,
చివర్న పొట్టలోంచి "హ్మ్" అని ఒక్క మూలుగు.
అంతే. లుజెండా ఏటి ఇవతల
మియోంబో చెట్ల మీంచి
బూడిదరంగు పిట్ట ఒకటి దిగేది,
అగ్గిపెట్టె ఆడించినట్టు గలగలమంటూ.

చూడ్డానికి ఏముంది,
పిచ్చుకకి పెద్దక్కలా ఉంటుంది.
ఎగిరినప్పుడే తోక అంచున తెల్ల ఈకలు
"ఇటు, ఇటు" అంటూ విచ్చుకుంటాయి.
తేనెపట్టు ఎక్కడుందో దానికి తెలుసు,
గొడ్డలి లేదు, నిప్పు లేదు.
నాన్నకి గొడ్డలుంది, నిప్పుంది,
పట్టు జాడ తెలీదు.

తేనె మాకు. మైనం దానికి.
మైనం తిని అరిగించుకునే ప్రాణుల్ని
వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చట.
"వాటా ఎగ్గొట్టారో,
ఈసారి పట్టు దగ్గరికి కాదు,
సింహం దగ్గరికి తీసుకుపోతుంది"
అనేది మా అవ్వ.
నవ్వేదాన్ని.
నవ్వుతూనే గడ్డి వైపు ఓ కన్నేసేదాన్ని.
సింహం గర్జిస్తే రెండు కోసుల అవతల
మా కుండల్లో నీళ్ళు వణుకుతాయి.
వేటకొచ్చిందా,
దాని అడుగు కంటే
ఆకు రాలడమే పెద్ద చప్పుడు.

నాకు సింహం కంటే
దారిలో పడుకున్న పింజరి భయం.
ఎండుటాకుల్లో ఎండుటాకై
రోజుల తరబడి కదలదు.
దానికి వాసనే ఉండదట,
ముంగిస పక్కనుంచే పోయినా పసిగట్టలేదట.
ఇక నల్ల మాంబా నల్లగా ఉండదు.
ఒళ్ళంతా బూడిద.
నోరు తెరిస్తే లోపల మసిబొగ్గు,
పేరు అక్కణ్ణుంచి వచ్చింది.
అది తెలిసేంత దగ్గరికి
నాన్న ఒక్కసారే వెళ్ళాడు, తొర్రలో చెయ్యి పెట్టబోయి.
ఆ గొడ్డలి ఇప్పటికీ అక్కడే ఉంది.

పోయిన వానలకి
నాన్న ముందు పళ్ళు నాలుగూ ఊడిపోయాయి.
పిలుపులో గాలి జారిపోయింది,
"బ్ర్ర్ర్" పోయి "ఫ్ఫ్ఫ్" మిగిలింది.
మూడు పొద్దులు
పిట్ట పైకొమ్మన కూచుని
తల ఒరగేసి విని
వెళ్ళిపోయింది.
మా ఊళ్ళో ఆడవాళ్ళు పిలవరు.
కూడదని కాదు,
ఎవరూ పిలిచి చూడలేదు.

ఆ పిట్ట పుట్టుక సంగతి చెప్పనా?
తల్లి దాన్ని పరాయి బొరియలో వదిలేసిపోతుంది,
పసిరిక పిట్ట గుడ్ల మధ్య.
కళ్ళైనా తెరవకముందే
ముక్కు చివరి కొక్కేలతో
ఆ చీకట్లో పక్కనున్న కూనల్ని
పొడిచి పొడిచి చంపుతుంది.
ఆ కూనల తల్లే
దానికి పురుగులు తెచ్చి పెడుతుంది.
మైనం గురించి, మనిషి గురించి
దానికి చెప్పేవాళ్ళు లేరు.
రెక్కలొచ్చాక బయటికొచ్చి
మనిషిని చూస్తుంది, పట్టుని చూస్తుంది,
రెండింటికీ తనే ముడి వేస్తుంది.
ఎలాగో ఎవరికీ తెలీదు.
చదువుకున్నవాళ్ళు వచ్చి
నాన్న పిలుపుని పెట్టెలో పట్టుకుపోయారు.
ఇంకా జవాబు రాలేదు.

నాలుగో పొద్దున
రోకలి పక్కన పెట్టి
నేను పిలిచాను.
మొదటిసారి నాకే నవ్వొచ్చింది.
రెండోసారి కోళ్ళు బెదిరాయి.
మూడోసారి
ఎక్కడో అగ్గిపెట్టె కదిలింది.

వెనకాల ఎండు తాటాకులు మోస్తూ నాన్న,
ముందు నేను,
నా ముందు ఆ తెల్ల ఈకలు.
పొగ పెట్టాను. తొర్ర నరికాను.
చెవి మీద రెండు, కనుబొమ్మ మీద ఒకటి
కుట్టించుకున్నాను.

నాన్న నీడలో కూచుని
పట్టు ముక్క చిగుళ్ళ మధ్య పెట్టుకున్నాడు,
గడ్డం మీంచి తేనె కారుతుంటే
"దీనికి పళ్ళెందుకే" అన్నాడు.
పచ్చి ఆకు పరిచి
మైనం పెద్ద ముక్కే పెట్టాను,
అవ్వ మాట నమ్మి కాదు,
నమ్మలేదనీ చెప్పలేను.

"నీ 'హ్మ్' కాస్త పొడుగైంది అబీబా"
అన్నాడు నాన్న.
పిట్ట ఏమీ అనలేదు.
మైనం తింటోంది.